ముందు టైర్లా, కాయిలోవర్లా? నాలుగు సీజన్ల ఆటోక్రాస్ తర్వాత నా సమీక్ష

నాలుగు సీజన్లుగా ఒకే కారుతో ఆటోక్రాస్‌కి వెళ్తున్నాను. ఆటోక్రాస్ అంటే ఖాళీ చోట కోన్లు పెట్టి, వాటి మధ్య ఒక్కో కారూ టైము మీద పరుగెత్తే పోటీ. ముందు చక్రాలకి పవర్ వచ్చే మామూలు హాచ్‌బ్యాక్, వారమంతా ఆఫీసుకి, ఆదివారం కోన్ల మధ్యకి. ఈ నాలుగేళ్లలో దాని కింద మూడు సెట్ల టైర్లు, రెండు రకాల సస్పెన్షన్, ఒక వెనక యాంటీరోల్ బార్ (మలుపులో కారు ఒరుగుడు తగ్గించే కడ్డీ) మారాయి. పెట్టిన డబ్బులో సగం బూడిదలో పోసిన పన్నీరే.

మొదటి తప్పు కాయిలోవర్లు, అంటే కారు ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాక్ కలిసిన సెట్లు. రెండు ఈవెంట్లు కూడా నడపకముందే కొనేశాను. ఏ కంపెనీవో అనవసరం, చవకరకం అని మాత్రం చెప్తాను. బిగించాక కారుని బాగా కిందకి దించాను, ఫెండరుకీ టైరుకీ మధ్య రెండు వేళ్లు పట్టవు, పార్క్ చేసి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. ఈవెంటులో మాత్రం సీను వేరు. పొడవాటి ఎడమ మలుపు, మధ్యలో తారు కాస్త ఉబ్బి ఉంది, అక్కడికి రాగానే కింద ధన్‌మని కొట్టుకుంది, నేను స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోయింది. రెండు కోన్లు పడ్డాయి, మూడోది బంపరు కింద ఇరుక్కుని ఫినిష్ దాకా గరగరమంటూ నాతోనే వచ్చింది. కోనుకి 2 సెకన్ల పెనాల్టీ, లెక్క మీరే వేసుకోండి.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు నెలలు పట్టింది. కారుని అంతగా దించితే షాక్ కదలడానికి చోటే మిగలదు, చిన్న ఎగుడు తగలగానే షాక్ కదలిక చివర అడ్డంగా ఉండే బంప్ స్టాప్ రబ్బరు మీద కూర్చుంటుంది. అప్పటిదాకా స్ప్రింగ్ మోస్తున్న బరువు ఒక్కసారిగా రాయి మీద పడ్డట్టవుతుంది, టైరు పట్టు వదిలేస్తుంది. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (చక్రాన్ని పైనుంచి షాకే పట్టుకునే సస్పెన్షన్) ఉన్న కార్లకి ఇంకో తిప్పలు కూడా ఉంది. చక్రాన్ని కింద కారుకి కలిపే ఆర్మ్ బయటి కొన లోపలి కొన కంటే పైకి వెళ్లేంతగా దించామంటే, మలుపులో కారు ఒరిగే కొద్దీ బయటి చక్రానికి నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది. బరువంతా మోయాల్సిన టైరు అడుగు మొత్తం ఆనించకుండా బయటి అంచు మీద నిలబడి ఈడ్చుకుపోతుంది. బాగా తిరుగుతుందని దించిన కారు, దించినందుకే తిరగడం మానేసింది.

నాతోపాటే మొదలుపెట్టిన స్నేహితుడు ఒకడున్నాడు, అతనిది కంపెనీ ఇచ్చిన స్టాక్ సస్పెన్షన్, మంచి టైర్లు. ప్రతి ఈవెంటులోనూ నాకంటే మూడు సెకన్లు ముందుండేవాడు. "ముందు టైర్లు మార్చరా బాబూ, ఈ సోకులన్నీ తర్వాత చూద్దాం" అనేవాడు. నేను వినలేదు. ఒకరోజు జేబులోంచి సుద్దముక్క తీసి నా ముందు టైరు మీద, పక్కగోడ నుంచి అడుగు దాకా అడ్డంగా గీత గీశాడు. రన్ అయ్యాక వంగి చూస్తే అడుగు మీదా, అంచు మీదా, అంచు దాటి పక్కగోడ మీద ఉండే చిన్న త్రికోణం గుర్తు కింద దాకా సుద్ద తుడిచిపెట్టుకుపోయింది. అంటే టైరు మడతపడి పక్కగోడ మీద నడుస్తోంది. గాలి 36 నుంచి 42 పీఎస్‌ఐకి పెంచితే కొంచెం నిలబడింది, అంతే. బయటి అంచు అప్పటికే నున్నగా అయిపోయింది, లోపలి సగం మాత్రం కొత్తదానిలా ఉంది. ఆ టైరుని గ్యారేజీలో చాలాకాలం ఉంచుకున్నాను. ఏ పార్టు కొనాలో నాకు చెప్పింది అదే.

ఆ తర్వాత 200 ట్రెడ్‌వేర్ (టైరు పక్కన రాసి ఉండే ఒక నంబరు) టైర్లకి వచ్చాను. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పోటీల స్ట్రీట్ క్లాసుల్లో టైరుకి కనీసం 200 ట్రెడ్‌వేర్ ఉండాలని రూలు, అందుకే కంపెనీలు సరిగ్గా ఆ నంబరు దగ్గర పోటీ పడతాయి. కానీ ఆ నంబరు పట్టుని కొలవదు, అరుగుదలని చెబుతుంది, అదీ కంపెనీ తన టెస్టు చూసుకుని తనే వేసుకునేది. 200 అని రాసి ఉన్న రెండు టైర్లు రోడ్డు మీద నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడాగా ఉండొచ్చు. నేను రెండు వాడాను. హాంకూక్ ఆర్‌ఎస్4 ఓర్పున్న టైరు, కాస్త వేడెక్కాక పట్టు ఇస్తుంది, నేర్చుకునేవాడికి సీజన్లకి సీజన్లు వస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ మొదటి రన్ నుంచే నేలని కరుస్తుంది. 45 సెకన్ల రన్‌లో టైరు వేడెక్కడానికి టైమెక్కడిది? అందుకే నాకు రెండోదే నచ్చింది. ఒక్క టైర్లు మార్చినందుకే మా స్నేహితుడికీ నాకూ మధ్య మూడు సెకన్ల తేడా సెకను లోపుకి దిగింది. ఇక్కడ ఒక మాట, ఆటోక్రాస్‌లో కోర్సు ప్రతిసారీ మారుతుంది కాబట్టి పాత టైముతో కొత్త టైము పోల్చడం దండగ. ప్రతిసారీ వచ్చే ఒక డ్రైవర్ని పట్టుకుని అతనితో మీ తేడా చూసుకోండి.

వెడల్పు విషయంలోనూ ఆశకి పోయాను. 7 అంగుళాల రిమ్ మీద 225 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఎక్కించాను, ఎక్కుతుంది, కానీ స్లాలమ్‌లో (వరసగా పెట్టిన కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుకుంటూ పోయే చోట) స్టీరింగు తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి కదిలేది. అదే సైజు 7.5 రిమ్ మీద వేశాక ఆ బద్ధకం పోయింది.

ఇక క్యాంబర్. నాలుగేళ్లలో టైర్ల తర్వాత పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది క్యాంబర్ ప్లేట్లే, అంటే స్ట్రట్ పైకొనని లోపలికి జరపనిచ్చే ప్లేట్లు. ముందు చక్రాలకి మొదట్లో నెగటివ్ 0.8 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 2.8. ఇప్పుడు టైరు అడుగంతా సమంగా అరుగుతోంది, సుద్ద చెరగడం త్రికోణం దగ్గరే ఆగుతోంది, గాలి కూడా 35కి తగ్గించగలిగాను. ఇంత క్యాంబర్ పెడితే రోజువారీ తిరుగుడులో లోపలి అంచు తినేస్తుందని భయపెడతారు. నా అనుభవంలో తినేది ఎక్కువగా టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం). రోడ్డుకి ముందు టో సున్నా పెట్టి వదిలేశాను, ఇబ్బంది లేదు.

ఆ కాయిలోవర్లు తీసేసి మామూలు ఎత్తుకి దగ్గరగా ఉండే స్ప్రింగులు, కోనీ పసుపు షాకులు వేశాను. వీటిలో రీబౌండ్ (నొక్కుకున్న షాక్ తిరిగి సాగేటప్పటి బిగువు) ఒక్కటే మార్చుకోవచ్చు, అది చాలు. మొదట్లో గట్టిగా ఉంటే మంచిదనుకుని పూర్తిగా బిగించేశాను, గతుకు మీద చక్రం కిందకి దిగే లోపే ఇంకో గతుకు వచ్చేది, కారు కప్పలా గెంతింది. ఇప్పుడు పూర్తి మెత్త నుంచి ముప్పావు తిప్పు దగ్గర ఉంచుతున్నా. స్లాలమ్‌లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి బరువు మారేటప్పుడు కారు ఊగి ఊగి ఆగడం లేదు, చెప్పిన మాట వింటోంది.

వెనక బార్ గురించి జాగ్రత్త. పొడి నేల మీద అద్భుతం, లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, ఫొటోలు బాగుంటాయి, ముందు చక్రాల కారు మొద్దుతనం వదిలి గిర్రున తిరుగుతుంది. ఒకసారి వాన పడింది. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీశాను, అంతే, స్టార్ట్ లైన్ వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పటినుంచి మబ్బు కనబడితే బార్‌ని మెత్తగా పనిచేసే రంధ్రంలోకి మార్చి బిగించేస్తా, పది నిమిషాల పని.

ఈ మెత్త టైర్లతో ఆఫీసుకి వెళ్లడం మాత్రం మానేశాను. దారిలో ఉన్న గులకరాళ్లన్నీ ఏరుకుని ఫెండర్ల లోపల టపటపా కొడతాయి, అరిగాక నీళ్లు నిలిచిన రోడ్డు మీద నమ్మలేం, బాగా చలిలో అయితే ప్లాస్టిక్ ముక్కల్లా గట్టిపడతాయి. రెండో సెట్ రిమ్‌లు కొని ఈవెంట్ దగ్గరే మారుస్తున్నా, టార్క్ రెంచ్ డిక్కీలోనే ఉంటుంది. ఒకే కారుని ఇద్దరం నడిపే రోజున రన్‌కి రన్‌కి మధ్య గ్యాప్ ఉండదు, టైర్లు మరీ వేడెక్కి జారడం మొదలెడతాయి, అందుకని మొక్కలకి నీళ్లు కొట్టే పిచికారీ ఒకటి కూడా పెట్టుకున్నా.

పాత కాయిలోవర్లు ఇంకా గ్యారేజీలో అట్టపెట్టెలోనే ఉన్నాయి. మొన్న కొత్తగా వచ్చిన కుర్రాడొకడు అమ్ముతారా అన్నా అని అడిగాడు. ముందు నీ టైరు చూపించు అని సుద్దముక్క తీశాను.