ఓపెన్ టాప్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు హెచ్చరిక: ఇంజిన్ కంటే ముందు డిక్కీ అడుగు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా పాత ఓపెన్ టాప్ కారు కొందామని చూస్తుంటే, అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. నేను జూన్‌లో 19 లక్షలు పోసి కొన్నాను. అరసవల్లి తీసుకెళ్లి పూజ కూడా చేయించాం. జులై రెండో వారానికి కారు విశాఖ వర్క్‌షాపులో పడింది. ఇప్పటికి పైన ఇంకో 3 లక్షల 40 వేలు అయింది.

కారు జర్మన్‌ది. రెండు సీట్లు, 2013 మోడల్, కర్ణాటక రిజిస్ట్రేషన్. బటన్ నొక్కితే టాప్ మడుచుకుని డిక్కీలోకి దిగిపోయే రకం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే తప్పు కారుది కాదు. రోగం దాచి అమ్మినవాడిది తప్పు. చూడాల్సినవి చూడకపోవడం నా తప్పు.

డీలరు దగ్గరికి మేం వెళ్లేసరికే ఇంజిన్ ఆన్‌లో ఉంది, బానెట్ కాలుతోంది. టాప్ ఒకే ఒక్కసారి తెరిచి మూసి చూపించాడు. చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు, మా తమ్ముడు వీడియో తీశాడు. డిక్కీ తెరిస్తే కొత్త కార్పెట్. లోపల ఘాటుగా సెంటు వాసన. ఎంత శుభ్రంగా వాడుకున్నారో అనుకున్నాను. వేడి ఇంజిన్, కొత్త కార్పెట్, సెంటు వాసన, ఈ మూడూ ఒకేచోట కనబడితే మీరు మాత్రం అలా అనుకోకండి.

టాప్ ఆగిపోయిన రోజు భోగాపురం నుంచి నేనూ మా ఆవిడా తిరిగొస్తున్నాం, టాప్ తీసే ఉంది. రణస్థలం దాటాక చినుకులు పడ్డాయి. పక్కకి ఆపి బటన్ నొక్కాను. డిక్కీ మూత లేచింది, టాప్ సగం వరకు వచ్చి గాల్లో ఆగిపోయింది. మళ్లీ నొక్కితే లోపల ఎక్కడో టిక్కుమంటోంది తప్ప కదలదు. మూత నిలువుగా లేచి ఉంది కాబట్టి బండి నడపడానికీ లేదు. వాన పెరిగింది. పక్కన టీ బడ్డీ ఆయన టార్పాలిన్ పట్టుకుని పరుగున వచ్చాడు. "ముందు కప్పీండి బాబూ, తర్వాత సూద్దుము" అంటూ ఒక కొస తనే పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. ఆయన మేలు మరిచిపోను.

అక్కడ చేరిన కుర్రాళ్లు టాప్‌ని చేత్తో నొక్కేద్దామన్నారు. వద్దన్నాను. హైడ్రాలిక్‌లో, అంటే టాప్‌ని కదిపే నూనె గొట్టాల్లో, ప్రెషర్ ఉండగా బలం పెడితే చట్రం వంగిపోతుంది, వెనక అద్దం పగలొచ్చు. చేత్తో మూసే పద్ధతి కారుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఒక్కో మోడల్‌కి ఒక్కో తీరు. మాకు ఆ పుస్తకమే ఇవ్వలేదు, నేనూ అడగలేదు. పుస్తకం, రెండో తాళం చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి.

వర్క్‌షాపులో మెకానిక్ ఆ కొత్త కార్పెట్ ఎత్తాడు. కింద రెండు వేళ్ల లోతు నీళ్లు. కనెక్టర్లు ఊడదీసి చూపిస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము. హైడ్రాలిక్ పంపు మోటారు, టాప్‌ని నడిపే కంట్రోల్ యూనిట్ రెండూ పోయాయి. తర్వాత టాప్ మడత దగ్గరున్న డ్రెయిన్ పైపులోకి సన్నటి ప్లాస్టిక్ తీగ పంపి లాగితే, కుళ్లిన ఆకులూ మట్టీ కలిసిన నల్లటి ముద్ద వచ్చింది, వేలెడు పొడుగు. నెలరోజుల్లో పట్టే చెత్త కాదది.

ఇక్కడ కిటుకు అర్థం చేసుకోండి. ఓపెన్ టాప్ కారులో రబ్బరు బీడింగులు నీళ్లన్నిటినీ ఆపలేవు. కొంత నీరు లోపలి కాలవలోకి దిగుతుంది, అక్కడి నుంచి పైపుల గుండా కిందికి పోవాలి. ఆ పైపు పూడితే నీరు పల్లం వెతుక్కుంటుంది. చాలా మోడళ్లలో ఆ పల్లంలోనే బ్యాటరీ, మోటారు, ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉంటాయి. బట్ట టాప్ ఉన్న కార్లలోనూ కొన్నిటిది ఇదే బాధ. ఎండల్లో ఏమీ తెలియదు, మన వైపు వానలు మొదలైతేనే బయటపడుతుంది. అందుకే వేసవిలో చూసి కొనడం ప్రమాదం.

కాబట్టి వెళ్లేటప్పుడే చెప్పండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని. చల్లగా ఉన్న బండి మీరే స్టార్ట్ చేసి, టాప్ కనీసం మూడుసార్లు తెరిచి మూయండి. బ్యాటరీ నీరసంగా ఉంటే రెండోసారికో మూడోసారికో నెమ్మదిస్తుంది, చప్పుడు మారుతుంది. డిక్కీ కార్పెట్ మొత్తం ఎత్తించండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. సీటు కింద కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. డ్రెయిన్ రంధ్రం ఎక్కడుందో అడిగి చెంబుడు నీళ్లు పోయించండి, కారు కింద ధార పడాలి. ధార రాలేదంటే ఆ నీళ్లు లోపలే ఉన్నాయి.

సీటు బెల్టు చివరిదాకా లాగండి. వరదలో మునిగిన బండి అయితే చివర్లో మట్టి చార కనబడుతుంది, ఎంత కడిగినా అక్కడ వదిలేస్తారు. 2015, 2023 డిసెంబర్లలో చెన్నైలోనూ, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలోనూ ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. బాగుచేసి అమ్మేవి వేరే ఊళ్లకే వస్తాయి.

స్కానర్, అంటే కారులోని కంప్యూటర్‌కి తగిలించి లోపాలు చదివే పరికరం, తప్పకుండా పెట్టించండి. "ఎర్రర్ ఏమీ లేదు" అంటే సరిపోదు. ముందురోజే తుడిచేసి ఉండొచ్చు. తుడిచేస్తే కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ టెస్టులు పూర్తి కానట్టు కనిపిస్తాయి, అది అడగండి. కొన్ని జర్మన్ కార్లలో తాళంచెవిలోనూ కిలోమీటర్లు నమోదై ఉంటాయి. మీటరు తిప్పారేమో అక్కడ దొరికిపోతుంది. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది, 2316 అంటే 2016లో 23వ వారం. నా కారు టైర్లు పైకి నల్లగా మెరుస్తున్నా ఎనిమిదేళ్లవి. ఇవి గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ రకం, స్టెప్నీ ఉండదు, ఆ సైజు మన ఊళ్లో దొరకడం కష్టం.

కాగితాల సంగతి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీవో అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌వోసీ, లోను తీరినట్టు బ్యాంకు కాగితం చేతిలో పడాలి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ మనం కొన్న ధర మీద కాదు, ఆ కారు అసలు ధర మీద, వయసును బట్టి లెక్కిస్తారు. కొత్తలో అరకోటి పైన ఉన్న బండికి అది ఎంతవుతుందో ఆర్‌టీవో ఆఫీసులో ముందే కనుక్కోండి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టండి. ఆలస్యమైతే బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

ఇప్పటికే కొనేసినవాళ్లు వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి డ్రెయిన్లు తీయించండి. చెట్టు కింద పెట్టకండి, ముఖ్యంగా వేపచెట్టు కింద. కళింగపట్నం బీచ్‌కి వెళ్లొస్తే ఉప్పుగాలికి టాప్ కీళ్లు తుప్పు పడతాయి, ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడవండి. వారాల తరబడి కదపకపోతే బ్యాటరీకి చిన్న ఛార్జర్ తగిలించండి. ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు, కారుని పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవండి.

డీలరు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. "ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను" అని నాతో సంతకం పెట్టించుకున్న కాగితం చూపిస్తాడట. తెలిసిన లోపం దాచి అమ్మినందుకు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు తయారు చేస్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల గడువుంది. మెకానిక్ తీసిన ఫొటోలు, ఆ నల్లటి ముద్ద కూడా సీసాలో దాచి పెట్టాను.

ఇక్కడ ఎవరైనా ఇలాంటి కారు చూడటానికి వెళ్తుంటే నాకు చెప్పండి. ఆదివారమైతే నేనూ వస్తాను. స్కానర్ కొన్నాను, చెంబు కూడా తెస్తాను.