ఐదింట్లో నాకు నచ్చింది: స్మిత్ అండ్ వెసన్ 686, 2017 నుంచి ఇప్పటిదాకా

నా దగ్గర ఐదు చేతి తుపాకులు ఉన్నాయి. రూగర్ మార్క్ 4, గ్లాక్ 19, సీజెడ్ 75, ఒక 1911 (అది మోడల్ పేరే), స్మిత్ అండ్ వెసన్ 686. మొదటి నాలుగూ పిస్టళ్లు, చివరిది రివాల్వర్. మేం ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. నెలకు రెండు శనివారాలు తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్తాను. ఆ రోజు పెట్టెలో మిగతావి ఉన్నా లేకపోయినా 686 మాత్రం ఉండాల్సిందే. స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు "వీటన్నింట్లో నీకు ఏది ఇష్టం?" అని అడుగుతారు. అందరూ గ్లాక్ అనో 1911 అనో చెప్తానని అనుకుంటారు. ఎందుకు కాదో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక ముఖ్యమైన మాట. ఇక్కడ హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలు చాలామంది నన్ను తుపాకీ కొనడం గురించి అడుగుతుంటారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటి సంగతి లాయరుని అడగకుండా అడుగు వేయొద్దు. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను. వచ్చాక దుకాణంలో 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక 2015లో గ్లాక్ కొన్నాను. 686 ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది.

గ్లాక్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1988లో వచ్చిన మోడల్ అది. ఖాళీగా ఆరు వందల గ్రాముల దాకా తూగుతుంది, మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల డబ్బాలో) 15 తూటాలు పడతాయి, పెద్దగా సేవ చేయకపోయినా నడుస్తుంది. కానీ దాన్ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అంటే లోపల తూటా లేదని నూటికి నూరు పాళ్లు తెలిసి ఉండాలి. లోపల ఖాళీ అని తేల్చుకోవడం ఏ పిస్టల్‌కైనా ఉన్న చిక్కే. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు, ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ఒకటి మిగిలి ఉండొచ్చు. మ్యాగజైన్ తీయకుండా ముందు స్లైడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) లాగితే పాత తూటా బయటికి దూకుతుంది, వదలగానే మరొకటి లోపలికి పోతుంది. వరస తప్పకుండా చేసేవాళ్లకు భయం లేదు. నేనూ తప్పను. అయినా ప్రతిసారీ రెండుసార్లు చూసి, వేలు పెట్టి తడిమి చూస్తేగానీ నాకు స్థిమితం ఉండదు.

రివాల్వర్‌తో ఆ టెన్షన్ లేదు. ఎడమ పక్కనున్న మీటను బొటనవేలితో ముందుకు తోస్తే తూటాలుండే గుండ్రటి సిలిండర్ పక్కకు ఒరుగుతుంది. ఆరు గదులూ కళ్లెదుటే ఉంటాయి. ఖాళీగా ఉంటే ఆరింట్లోంచీ అవతలి వెలుగు కనిపిస్తుంది.

నా చిన్నప్పుడు పీలేరు దగ్గర మా ఊళ్లో జేజినాయనకు (తాతకు) పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉండేది. చెనక్కాయ చేలోకి అడవి పందులు దిగితే గాల్లోకి పేల్చి బెదిరించేవాడు. ఎన్నికలొస్తే పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. పొలం నుంచి రాగానే తుపాకీని మధ్యకి విరిచి, నన్ను పిలిచి, "కన్ను పెట్టి చూడు, వెలుగు కనపడతాండాదా?" అనేవాడు. రెండు గొట్టాల్లోనూ వాకిట్లోని ఎండ గుండ్రంగా కనిపించేది. కనిపిస్తాంది అని నేను చెప్పాకే దాన్ని దూలానికి తగిలించేవాడు. దుకాణంలో మొదటిసారి 686 సిలిండర్ తెరిచి ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని చూసినప్పుడు నాకు ఆ వాకిలే గుర్తొచ్చింది. కొనాలన్న నిర్ణయం అక్కడే అయిపోయింది.

ఇక తుపాకీ సంగతి. నాది 4 అంగుళాల బ్యారెల్, స్టెయిన్‌లెస్ స్టీలు, ఆరు తూటాలది. ఏడు పట్టే 686 ప్లస్ కూడా ఉంది. ఖాళీగానే కిలో దాటి ఇంకో నూరు గ్రాములు ఉంటుంది. ఇందులో పాయింట్ 357 మాగ్నమ్ అనే గట్టి తూటా పేల్చొచ్చు, దానికంటే మెత్తటి పాయింట్ 38 స్పెషల్ కూడా పేల్చొచ్చు. మాగ్నమ్ తూటా తొడుగు మూడు మిల్లీమీటర్లకు పైగా పొడవు కాబట్టి 38 రివాల్వర్‌లో అది పట్టదు, ఇందులో రెండూ పడతాయి. 686 ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని బరువు మీద గౌరవం పెరుగుతుంది. అంతకుముందు పోలీసుల దగ్గర ఎక్కువగా ఉన్న అదే కంపెనీ మోడల్ 19 కాస్త సన్నటి ఫ్రేమ్‌ది (ఫ్రేమ్ అంటే తుపాకీ మొండెం). సిలిండర్ పక్కకు మూసుకునే చోటు కోసం దాని బ్యారెల్ వెనుక మొదలును కింది వైపు చదునుగా కోసేవారు. తేలికపాటి 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) గుండున్న మాగ్నమ్ తూటాలు ఎడతెగకుండా పేలిస్తే పలచబడిన ఆ చోట పగుళ్లు వచ్చేవి. అందుకని 1980లో కొంచెం పెద్ద ఫ్రేమ్ తెచ్చారు. నల్లటి దానికి 586, స్టెయిన్‌లెస్ దానికి 686 అని పేరు పెట్టారు. బ్యారెల్ కింద చివరిదాకా ఉన్న దుక్క ఉక్కు ముందు వైపు బరువునిస్తుంది. పేలినప్పుడు మూతి మరీ పైకి లేవకుండా చూసేది ఆ బరువే.

నేను పేల్చేది ఎక్కువగా 38 స్పెషలే. ఇప్పటికి పదకొండు వేలు దాటి ఉంటాయి, డైరీలో రాసుకుంటాను. మాగ్నమ్ వెయ్యి కూడా ఉండవు. 38 పేలిస్తే చేతిలో చిన్న తోపులా అనిపిస్తుంది, అంతే. మాగ్నమ్ పేలిస్తే మణికట్టు దాకా తెలుస్తుంది, రేంజిలో పక్క లేన్ వాళ్లు కూడా తిరిగి చూస్తారు.

ట్రిగ్గర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, నాకు ఇది నచ్చడానికి అసలు కారణం అదే. హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) ముందే వెనక్కి లాగి పెట్టుకుంటే సుమారు రెండు కిలోల బరువుకే పేలుతుంది. అలా కాకుండా నేరుగా లాగితే ఐదు కిలోల పైచిలుకు కావాలి, చాలా దూరం లాగాలి కూడా. ఆ లాగుడులోనే సిలిండర్ తిరుగుతుంది, హ్యామర్ లేస్తుంది, పడుతుంది. అంతసేపూ గురి చెదరకుండా ఉంచాలి. మొదటి ఏడాది 15 గజాల దగ్గర నా తూటాలన్నీ గురికి కింద, ఎడమ పక్కన పడేవి. గురి చూసే సైటు సరిగ్గా లేదనుకుని స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ పోయాను.

రేంజిలో పరిచయమైన ఒక పెద్దాయన, రిటైరైన పోలీసు, ఒకరోజు నా వెనక నిలబడి కాసేపు చూశారు. తుపాకీ ఇలా ఇవ్వమని, నాకు కనిపించకుండా మూడు గదుల్లో తూటాలు, మూడింట్లో ఖాళీ తొడుగులు పెట్టి, సిలిండర్ మూసి చేతికిచ్చారు. మొదటిది పేలింది. రెండోసారి లాగితే టిక్కుమంది, పేలలేదు. కానీ తుపాకీ మూతి రెండు అంగుళాలు కిందికి వంగింది. పేలుతుందని నా చెయ్యి ముందే భయపడి కిందికి తోసేసింది! శబ్దం, కుదుపు లేకపోయేసరికి నా తప్పు నాకే కనిపించింది. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ మూడు నింపి ఇచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి సైటును మొదట ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

2020లో తూటాల కరువు వచ్చింది. దుకాణాల్లో 38 స్పెషల్ అరలు నెలల తరబడి ఖాళీగా ఉండేవి, దొరికినా ధర రెండింతలు. ఏడాది పాటు దాదాపుగా ఇంట్లోనే సాధన చేశాను. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, డమ్మీ తూటాలు నింపి, గోడకు ఒక చుక్క పెట్టుకుని, బ్యారెల్ పైనున్న పట్టీ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి నెమ్మదిగా లాగేవాణ్ని. హ్యామర్ పడ్డాక కూడా బిళ్ల పడకూడదు. మొదటి వారం పది సార్లకు ఎనిమిది సార్లు నేల మీద గలగలమనేది. మూడు నెలలకు పదికి తొమ్మిది సార్లు నిలబడింది. కరువు తీరి రేంజికి వెళ్లిన రోజు 15 గజాల దగ్గర ఆరూ అరచేతి వెడల్పులో పడ్డాయి. అంతకుముందు ఏ పిస్టల్‌తోనూ నేను అలా కొట్టలేదు. ఆ తర్వాత సీజెడ్ తీసినా గ్లాక్ తీసినా వాటితోనూ బాగా పడటం మొదలైంది. ఇంత బరువైన లాగుడు అలవాటయ్యాక అవి తేలికగా అనిపిస్తాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆరు పేల్చగానే అయిపోతుంది, మళ్లీ నింపడానికి ఆరు తూటాల్నీ ఒకేసారి దింపే స్పీడ్‌లోడర్ ఉన్నా పిస్టల్ మ్యాగజైన్ అంత వేగం రాదు. నడుముకు కట్టుకుని తిరగడానికి బరువు. నేను అలా తిరగను కాబట్టి నాకు పట్టింపు లేదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వేడి గ్యాస్ పక్కలకు చిమ్ముతుంది. పిస్టల్ అలవాటున్నవాళ్లు ఎడమ బొటనవేలు ముందుకు చాపి పట్టుకుంటారు, ఇక్కడ అది పనికిరాదు, కాలుతుంది, చీరుకుంటుంది. ఎవరికైనా ఇచ్చేముందు నేను మొదట చెప్పేది ఇదే.

38 తూటాలు ఎక్కువ పేలిస్తే గదుల్లో ముందు వైపు మసి వలయంలా పేరుకుంటుంది. దాన్ని వదిలేస్తే పొడుగాటి మాగ్నమ్ తూటాలు చివరిదాకా దిగవు. కంచు బ్రష్‌తో ఆరు గదులూ తోమాలి, అరగంట పని. ఒకసారి చవగ్గా వచ్చాయని కొన్న తూటాల్లో మందు సరిగా కాలక, ఆ పలుకులు ఖాళీ తొడుగుల్ని బయటికి తోసే ఎజెక్టర్ చక్రం కిందికి చేరి, సిలిండర్ తిరగక ట్రిగ్గర్ బిగుసుకుపోయింది. పాత టూత్‌బ్రష్‌తో ఆ చక్రం కింద తుడిచాక బాగైంది. అప్పట్నుంచి ఖాళీ తొడుగులు దులిపేటప్పుడు మూతి నిటారుగా పైకి పెట్టి ఎజెక్టర్ రాడ్డును ఒకే ఊపులో గట్టిగా కొడతాను, పలుకులు తొడుగులతో పాటు కిందికే రాలిపోతాయి. ఇంటికి రాగానే చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కుంటాను, సీసం పొడి ఉంటుంది కాబట్టి రేంజి బట్టలు విడిగా ఉతుకుతాం.

మిగతావాటి గురించి రెండేసి మాటలు. సీజెడ్ 75 చేతిలో అన్నింటికంటే బాగా ఇముడుతుంది. దాని స్లైడ్ ఫ్రేమ్ లోపలి గాడిలో నడుస్తుంది కాబట్టి చెయ్యి పైకి పట్టుకోవచ్చు, గురి కూడా నిలకడగా ఉంటుంది. రెండో స్థానం దానిదే. 1911 అమెరికా సైన్యంలో 1985 దాకా ప్రామాణికంగా ఉన్న పిస్టల్, చరిత్ర కోసం కొన్నాను, పాయింట్ 45 తూటాల ఖర్చు చూసి ఏడాదికి రెండుసార్లే తీస్తాను. రూగర్ పాయింట్ 22, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకు మించింది లేదు. మా ఆవిడ పేల్చేది అదే.

మా ఇంట్లో పిల్లలున్నారు. ఐదూ సేఫ్‌లోనే ఉంటాయి, తూటాలు వేరే తాళంలో. తూటాలు నింపిన తుపాకీని జాగ్రత్త లేకుండా వదిలేసి అది పిల్లల చేతికి చిక్కితే టెక్సస్ చట్టంలో నేరం, చట్టం లేకపోయినా నేను అలాగే పెడతాను. పోయిన దసరాకు అమ్మ వచ్చి ఉంది. ఆయుధ పూజ రోజున కారుకీ, లాప్‌టాప్‌కీ, వంటింట్లో కత్తిపీటకీ బొట్లు పెట్టి, "అవి కూడా తీయి నాయనా" అంది. అమ్మది విజిటర్ వీసా, చేతికివ్వకూడదని చెప్పాను. సరేనని సేఫ్ తలుపు మీద గంధం రాసి, కుంకుమ పెట్టి, ఒక చామంతి పువ్వు తాళం పిడికి గుచ్చింది. పూజయ్యాక అమ్మ ఎదురుగానే సేఫ్ తెరిచి, 686 తీసి, సిలిండర్ ఒరిగించి కిటికీ వైపు పట్టుకున్నాను. అమ్మ వంగి, ఒక కన్ను మూసుకుని చూసింది.

"కనపడతాండాది," అంది.