బరంపురంలో స్థలం కొనేవాళ్లకి: ఏజెంటు, బ్రోకర్ కమీషన్ గొడవ మన మీద పడకుండా చూసుకోండి

అంబపువా వైపు గుంటన్నర స్థలం బేరం ఈమధ్య నాకు ఎలా బెడిసిందో రాస్తున్నాను. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చి ఇక్కడ కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందే చెప్పాలి, ఒడిశాలో గుంటంటే 4 డెసిమల్, అంటే మన లెక్కలో 4 సెంట్లు. మన ఆంధ్ర గుంట కన్నా బాగా పెద్దది.

స్థలం చూపించింది ఒక కుర్రాడు, తెలుగువాడే. అతని వెనక ఆఫీసు పెట్టుకున్న బ్రోకర్ ఉన్నాడు. గుంట 15 లక్షలన్నారు, నా వైపు నుంచి 2 పర్సెంట్ కమీషన్ అన్నారు. లక్ష టోకెన్ బ్రోకర్ ఖాతాకే వేయించుకుని, ఓనర్‌కి తనే అందిస్తానన్నాడు. ఓనర్‌తో మాట్లాడతానని అడిగిన ప్రతిసారీ "ఆయనకి కోపం ఎక్కువండీ, మేం చూసుకుంటాం కదా" అనేవాడు.

రిజిస్ట్రేషన్ దగ్గరపడేసరికి కుర్రాడు అడ్డం తిరిగాడు. ఓనర్ జెరాక్సు కోసం ఇచ్చిన ఒరిజినల్ లింకు డాక్యుమెంటు (స్థలం అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజు) అతని దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేస్తే, "గురువుగారూ, మీతో నాకు పేచీ లేదు. ఆఫీసాయన నా వాటా పడేస్తే కాగితం ఈ క్షణమే మీ చేతిలో పెడతాను" అన్నాడు. వాటా దేంట్లో అని అడిగితే అసలు సంగతి బయటపడింది. ఓనర్ చెప్పిన రేటు గుంట 14 లక్షలేనట! మధ్యలో లక్షన్నర బ్రోకర్ పైన వేసుకున్నాడు. కుర్రాడికి మాత్రం 2 పర్సెంట్‌లో సగం ఇస్తానని, ఆ లక్షన్నర ఊసే ఎత్తలేదు. వాళ్లిద్దరూ తిట్టుకోకపోయి ఉంటే ఆ లక్షన్నర నేనే కట్టి, పైగా మంచి బేరమని సంబరపడేవాణ్ణి.

ఆ రోజే ఓనర్ ఇంటికి వెళ్లాను. ఆయన కోపిష్ఠి ఏమీ కాదు, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. బ్రోకర్ ఇచ్చిన చీటీ తీసి చూపించాడు. గళ్ల కాగితం మీద ఒడియాలో "అడ్వాన్స్ 50,000" అని, కింద ఒక సంతకం. నా పేరు లేదు, ప్లాట్ నంబర్ లేదు. నేను లక్ష పంపినట్టు ఫోన్‌లో చూపిస్తే ఆయన కాసేపు నోరు మెదపలేదు. మిగతా 50,000 గురించి బ్రోకర్‌ని అడిగితే "అది నా కమీషన్‌లో జమ" అన్నాడు.

వకీలు దగ్గర తెలిసిన విషయాలు పనికొస్తాయి. 1872 కాంట్రాక్టు చట్టం 221వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, కమీషన్ బాకీ తీరేదాకా ఏజెంటు తనకి పని అప్పజెప్పినవాడి కాగితాలు అట్టే పెట్టుకోవచ్చు. అయితే ఇక్కడ కుర్రాడిని పెట్టుకున్నది బ్రోకర్, కాగితాలేమో ఓనర్‌వి. ఈ చిక్కు కోర్టులో తేలేలోపు మన బ్యాంకు లోన్ టైము దాటిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది కానీ లోన్‌కి బ్యాంకు వాళ్లు ఒరిజినలే కావాలంటారు.

రెరాకి (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని, ఏజెంట్లని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వెళ్లొచ్చు కదా అని చాలామంది సలహా ఇచ్చారు. 2016 రెరా చట్టంలో ఏజెంట్ల రిజిస్ట్రేషన్ ఉంది, అది లేకుండా అమ్మిస్తే రోజుకి 10,000 జరిమానా కూడా ఉంది. కానీ అదంతా రెరాలో నమోదు కావలసిన ప్రాజెక్టుల సంగతి, మామూలుగా 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లు. నాలాగా ఒక మనిషి దగ్గర విడి ప్లాటు కొంటే దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు. లేఅవుట్‌లో కొనేవాళ్లు మాత్రం ప్రాజెక్టు నంబరుతో పాటు ఏజెంటు నంబరు కూడా అడగండి. నీళ్లు నమిలితే అక్కడే వదిలేయండి.

టోకెన్ ఓనర్ ఖాతాకే వేయండి, బ్యాంకు ద్వారానే. స్థలం అడ్వాన్సు 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, ఆ మాట చెబితే ఏ బ్రోకరైనా కొంచెం తగ్గుతాడు. కమీషన్ ఎంత, ఎవరికి, ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించండి. ఆఫీసువాడు ఒక్కడే పెడితే చాలదు, చూపించిన కుర్రాడిదీ ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇస్తామని అందులోనే రాయించండి. ఒడిశా ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో పట్టా ఎవరి పేరున ఉందో చూసుకుంటే ఓనర్ ఎవరో మనకే తెలుస్తుంది, మధ్యవర్తి చెప్పేదాకా ఆగక్కర్లేదు.

రాయగడ, కోరాపుట్ వైపు చూసేవాళ్లకి ఇంకో మాట. ఆ జిల్లాలు షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడానికి 1956 నాటి రెగ్యులేషన్, దానికి 2002లో వచ్చిన సవరణ ఒప్పుకోవు. బ్రోకర్లు "మేనేజ్ చేస్తాం" అంటారు, వాళ్ల కమీషన్ వాళ్లకి ముడుతుంది, భూమి మాత్రం మనకి రాదు.

నా సంగతంటారా, ఓనర్ తన జేబులోంచి కుర్రాడికి కొంత ఇచ్చి డాక్యుమెంటు విడిపించుకున్నాడు. గుంట 14 చొప్పున మేమిద్దరం నేరుగా అగ్రిమెంటు రాసుకున్నాం. బ్రోకర్ దగ్గర ఇరుక్కున్న 50,000 కోసం నోటీసు పంపించాం, ఇంకా జవాబు లేదు. ఈలోపు ఆ పక్క ప్లాటే గుంట 15 అంటూ వాట్సాప్‌లో తిరుగుతోంది. చూడబోతున్నవాళ్లు టోకెన్ వేసేముందు ఆ ఓనర్ ఇంటి తలుపు ఒకసారి తట్టండి.