మందు కొట్టే డ్రోన్‌కు ఇన్సూరెన్స్: మూడేళ్ల వాడకంలో తెలిసినవి

పల్నాడులో మూడేళ్లుగా మిర్చి, పత్తి, వరి చేలకు డ్రోన్‌తో మందు కొడుతున్నాను. పది లీటర్ల ట్యాంకు, ఆరు రెక్కల యంత్రం. ట్యాంకు నింపినా 25 కిలోలు దాటదు కాబట్టి కాగితాల్లో 'స్మాల్' తరగతి. అప్పు చేసి కొన్నాను, కిస్తీలు ఇంకా కడుతున్నాను. ఇది మూలన పడితే మా ఇల్లు గడవడం కష్టం.

మొదటి ఏడాది అన్నిటికన్నా చవకగా వచ్చిన థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నాను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్లకు అది తప్పనిసరి. బండికి కట్టే థర్డ్ పార్టీ ఎలాగో ఇదీ అంతే. ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పనికొస్తుంది, మన యంత్రం ముక్కలైతే రూపాయి రాదు. ఆ సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత పాలసీ చదివితే అర్థమైంది. ఆ ఏడాది ఏమీ కాలేదు, అదృష్టం.

రెండో ఏడాది డ్రోన్‌కు కూడా కవర్ ఉన్న పాలసీకి మారాను. అయిదున్నర లక్షల విలువకు దాదాపు 31 వేలు కట్టాను. కట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయిదో నెలలోనే దాని అవసరం పడింది.

ఆ రోజు సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతోంది. చేను చివర కరెంటు స్తంభం కనిపిస్తూనే ఉంది. దాని నుంచి ఏటవాలుగా నేలకు దిగిన స్టే వైరు మాత్రం కనిపించలేదు. ముందు రెక్క దానికి తగిలింది. డ్రోన్ పక్కకు ఒరిగి మిర్చి సాళ్ల మీద పడింది. రెండు ఆర్మ్‌లు విరిగాయి, ట్యాంకు పగిలింది, ఒక బ్యాటరీ ఉబ్బిపోయింది. యంత్రాన్ని కదపకుండా నాలుగు వైపుల నుంచి ఫొటోలు, వీడియో తీసి, ఆ తర్వాతే ఎత్తాను. ఈ పని చేసినందుకు తర్వాత చాలా మేలు జరిగింది.

నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ సర్వేయర్ తొమ్మిదో రోజుకు వచ్చారు. సీజన్ మధ్యలో తొమ్మిది రోజులంటే మాకు చాలా ఎక్కువ, పోయిన పనికి పాలసీలో పరిహారం లేదు. ఆయన మొదట అడిగింది, ఆ సమయంలో ఎవరు నడిపారని. నేనే నడిపాను, నా దగ్గర రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. కానీ అంతకు ముందు రోజు వరకు సర్టిఫికెట్ లేని మా మేనల్లుడు నడిపాడు. ఒక్క రోజు తేడాతో క్లెయిమ్ నిలబడింది. ఆ నెలలోనే వాడిని ట్రైనింగ్‌కు పంపాను.

రిపేరు ఎస్టిమేట్ 1,42,000. చేతికొచ్చింది 96,000. నేను భరించాల్సిన మొదటి వాటా కొంత పోయింది, పాత భాగాలకు తరుగుదల కొంత పోయింది. బ్యాటరీకి ఏమీ రాలేదు, ఎందుకంటే పాలసీలో దాని నంబరే లేదు. డ్రోన్ కొంటే బ్యాటరీలు అందులో భాగమే అనుకున్నాను. మా పాలసీలో వాటిని విడిగా రాయించాలట. డ్రోన్ ఎగరడాన్ని అదుపు చేసే ఫ్లైట్ కంట్రోలర్ కూడా మార్చాల్సి వచ్చింది. దాని సీరియల్ నంబరు డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరుతో (యూఐఎన్) ముడిపడి ఉంటుంది కాబట్టి కొత్త నంబరును ప్రభుత్వ పోర్టల్‌లోనూ పాలసీలోనూ మార్పించాకే మళ్లీ ఎగరేశాను.

నాకు ఇంతకన్నా ఎక్కువ భయం కలిగించింది మా మండలంలో ఇంకో డ్రోన్ అతనికి జరిగింది. వరిలో కలుపుకు 2,4-డి కొట్టాడు. గాలి పక్క పొలం మీదికి తిరిగింది. కొన్ని రోజులకు అక్కడి పత్తి లేత ఆకులు బెండాకుల్లా చీలికలు చీలికలుగా వచ్చాయి. పత్తి ఆ మందును అస్సలు తట్టుకోలేదు. పొలం ఆయన పెద్దాయన, కౌలు రైతు, గట్టు మీద కూలబడిపోయాడు. థర్డ్ పార్టీ ఉందిగా అని ఇతను ధీమాగా ఉన్నాడు. రసాయనాల వల్ల కలిగే నష్టం వర్తించదని పాలసీ మినహాయింపుల్లో ఒక వాక్యం ఉంది. పరిహారం మొత్తం సొంతంగా కట్టుకున్నాడు. ఇంటికొచ్చి నా పాలసీ తీస్తే అందులోనూ అదే వాక్యం.

మూడో ఏడాది పాలసీ కోసం మూడు కంపెనీలకు ఇదే ప్రశ్న మెయిల్‌లో రాశాను: మందు గాలికి కొట్టుకుపోయి పక్క పంట పోతే ఇస్తారా? ముగ్గురూ లేదనే జవాబిచ్చారు. అప్పటి నుంచి దగ్గర్లో పత్తి ఉంటే 2,4-డి పనికి ఒప్పుకోవడం లేదు, ఎకరానికి ఎంత ఎక్కువ ఇస్తామన్నా. డ్రోన్ కవర్ తీసుకునేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో "అన్నీ కవరవుతాయండీ" అన్న మాటకు క్లెయిమ్ రోజున విలువ ఉండదు.

ఇప్పుడున్న పాలసీ ప్రీమియం కాస్త ఎక్కువే. కానీ ఇద్దరు పైలట్ల పేర్లు, ఆటోలో తీసుకెళ్లేటప్పుడు జరిగే దెబ్బ, నాలుగు బ్యాటరీలు అన్నీ అందులో ఉన్నాయి. ఈ నెలాఖరుకు రెన్యువల్. అదే కంపెనీలో కడుతున్నాను. కొత్తగా కొన్న రెండు బ్యాటరీల నంబర్లు నిన్ననే మెయిల్ చేశాను.