ఏడు జియోఫోన్లతో నేల వేగం: ఎఫ్-కె మేలా, స్పాక్ మేలా?

నాగావళి, వంశధార ఒండ్రు నేల ఎంత లోతు దాకా మెత్తగా ఉందో బోరు వేయకుండా తెలుసుకోవాలంటే, నేలలో ఎప్పుడూ ఉండే సన్నని కంపనాలను జియోఫోన్లతో (కంపనాన్ని పట్టే సెన్సర్లతో) రికార్డు చేసి, నేల పైభాగం వెంట సాగే రేలీ తరంగాల వేగం తీయాలి. ఆ రికార్డును ఉచితంగా దొరికే జియోప్సీ సాఫ్ట్‌వేర్‌లో రెండు విధాలుగా విశ్లేషించవచ్చు: అల ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వస్తోందో వెతికేది ఎఫ్-కె, సెన్సర్ జతల మధ్య పొంతనను అన్ని దిక్కులకూ సగటు చేసి వేగం తీసేది స్పాక్. ఏడే సెన్సర్లుంటే ముందు స్పాక్ చేయండి, ఎఫ్-కెను తనిఖీకి వాడండి.

మధ్యలో ఒకటి, చుట్టూ 10 మీటర్ల దూరంలో ఆరు పెట్టామనుకుందాం. దగ్గరి జత 10 మీటర్లు, దూరపు జత 20 మీటర్లు. అంటే 20 మీటర్లకంటే పొట్టి అలనూ, 50 మీటర్లకంటే బాగా పొడవైన అలనూ ఎఫ్-కె నమ్మకంగా చూడలేదు. వేగం సెకనుకు 200 మీటర్లయితే 4 నుంచి 10 హెర్ట్జ్ వరకే దాని రాజ్యం. లోతు లెక్కన గరిష్ఠంగా సుమారు 17-25 మీటర్ల దాకా.

4 హెర్ట్జ్ దిగువన పలు దిక్కుల అలలను ఎఫ్-కె విడదీయలేదు, అన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. అప్పుడు వేగం అసలుకంటే ఎక్కువ వస్తుంది, మెత్తటి నేల గట్టిదిగా కనిపిస్తుంది. స్పాక్ తప్పితే సాధారణంగా ఇటు తప్పుతుంది: ఉద్దానంలో గాలికి కొబ్బరి, జీడి చెట్ల వేళ్లు కదిలి సెన్సర్ల మధ్య పొంతన తగ్గితే వేగం తక్కువ వస్తుంది. ఇల్లు కట్టేవారికి మొదటి తప్పే చేటు. సెన్సర్‌ను జానెడు లోతు గొయ్యిలో పూడిస్తే రెండో తప్పు కొంత తగ్గుతుంది.

ఆమదాలవలస దగ్గర హౌరా-చెన్నై రైలు మార్గం నుంచి అలలు ఒకే వైపు వస్తాయి, స్పాక్‌కు పనికిరావని కొందరంటారు. ఆరు సెన్సర్ల వలయంలో ఆ భయం లేదు, 20 మీటర్ల పొట్టి అల వరకూ దిక్కుల సగటు సరిగ్గానే ఉంటుంది. వీలుగా ఉందని గట్టు మీద వరసగా పెడితేనే రెండు పద్ధతులూ చెడతాయి. అయితే పైన గట్టి పొర, కింద మెత్తటి బంకమట్టి ఉన్నచోట రెండు వేగాల అలలు కలిసి నడుస్తాయి. స్పాక్ వాటిని ఒకే అంకెగా కలిపేస్తుంది, ఎఫ్-కె విడిగా చూపగలదు. అక్కడ ఎఫ్-కె మాటే వినాలి, వలయం కూడా పెద్దది వేయాలి.

ఇక గడియారం. జీపీఎస్ పట్టు తప్పి ఒక సెన్సర్ 10 మిల్లీసెకన్లు వెనకబడితే 8 హెర్ట్జ్ దగ్గర దశ 29 డిగ్రీలు జరుగుతుంది. ఎఫ్-కెలో వేగాన్ని చూపే శిఖరం మసకబారుతుంది, కారణం కనబడదు. స్పాక్‌లో మధ్య సెన్సర్‌తో కట్టిన ఆరు జతల పొంతన సగటు చూస్తే, ఆ సంకీర్ణ సంఖ్యలో ఊహాత్మక భాగం దాదాపు సున్నా కావాలి. కాకపోతే ఒక్కొక్కదాన్ని పక్కన పెట్టి చూడండి, దోషి దొరుకుతుంది. ఎదుటి సెన్సర్ అదే దిక్కు సమాచారం ఇస్తుంది గనుక దోషిని తీసేసినా నష్టం తక్కువ. మధ్యదే తప్పితే ఆరు జతలూ పోయినట్టే. వలయంలోని 10, 17.3, 20 మీటర్ల జతలతో లెక్క కట్టుకోవాలి.