హెచ్‌ఓ రంగుల బొమ్మలు: పాత పెట్టె, కొత్త పెట్టె పక్కపక్కన

మోడల్ రైలు స్టేషన్లలో నిలబెట్టే చిన్న మనుషుల బొమ్మలివి, హెచ్‌ఓ అనే సైజువి. ఒకే తయారీదారు, ఒకే కేటలాగ్ నంబరు, అదే ఆరుగురు ప్రయాణికులు. ఒక పెట్టె ఇరవై ఏళ్ల కిందటిది, రెండోది పోయినేడాది కొన్నది. రెండింటినీ భూతద్దం కింద పెడితే అచ్చు ఒకటేనని వెంటనే తెలుస్తుంది. అదే సూట్‌కేసు, అదే వంగిన టోపీ, చేతిగడియారం చూసుకునే అదే పెద్దాయన. పాత పెట్టెలో ఆయన కోటు ఒక రంగు, లోపలి చొక్కా ఒక రంగు, టై ఇంకో రంగు, బూట్లకు, జుట్టుకు వేరే రంగులు. కొత్త పెట్టెలో కోటుకీ ప్యాంటుకీ ఒకటే బూడిదరంగు, టై మాయం, జుట్టు రంగు నుదుటి మీదికి జారింది. రెండు కళ్లకీ రెండు నల్లచుక్కలు, అవీ ఒక వరసలో లేవు. మెడ దగ్గర చర్మం రంగు కాలరు ఎక్కేసింది. వీటన్నిటి మీదా నెయ్యి రాసినట్టు ఒక మెరుపు.

ఇది ఏదో ఒక పెట్టెకు పట్టిన దరిద్రం కాదు. చాలా ఏళ్లుగా రకరకాల కంపెనీల రంగుల బొమ్మలు వాడాక చెప్పగలిగేది ఒకటే: ఇప్పుడు పెట్టెలో వచ్చే రంగును పూర్తయిన పనిగా లెక్కేయకండి, మొదటి పూతగా లెక్కేయండి. కొనేటప్పుడు రంగు చూడకండి, అచ్చు చూడండి. రంగు మళ్లీ వేసుకోవచ్చు. ముక్కు లేని ముఖానికి ముక్కు ఎవరూ పెట్టలేరు.

ముందు కొలతలు చూద్దాం, గొడవంతా అక్కడే ఉంది. హెచ్‌ఓ అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. 175 సెం.మీ. మనిషి ఇందులో 20 మి.మీ. ఉంటాడు. ముఖం గడ్డం నుంచి నుదురు దాకా రెండున్నర మి.మీ. కూడా ఉండదు. కంటి నల్లగుడ్డు నిజంగా 12 మి.మీ. అయితే ఇక్కడ 0.14 మి.మీ. ఎంత సన్నని కుంచెతో పెట్టినా చుక్క దానికి రెండు మూడు రెట్లు పెద్దదవుతుంది. అందుకే కొత్త బొమ్మలు కళ్లద్దాలు పెట్టుకుని ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తాయి. లేఅవుట్‌ను, అంటే పట్టాలూ స్టేషనూ పరిచిన బల్లను, మనం మామూలుగా 60 సెం.మీ. దూరం నుంచి చూస్తాం. అసలు లెక్కలో అది 52 మీటర్లు. 52 మీటర్ల అవతల నిలబడ్డ మనిషి కనుగుడ్డు ఎవరికి కనిపిస్తుంది? కనుబొమల కింద ఒక నీడ కనిపిస్తుంది, అంతే. పాత పనివాళ్లకు ఈ సంగతి తెలుసు. చాలా పాత బొమ్మలకు కళ్లే వేయలేదు, అయినా అవి ఎటో చూస్తున్నట్టే ఉంటాయి.

రంగు మందానికీ ఇదే లెక్క. పదోవంతు మిల్లీమీటరు మందాన రంగు పడితే, నిజం మనిషికి దాదాపు 9 మి.మీ. మందపు కంబళి చుట్టినట్టు. చొక్కా మడతలు, వేళ్ల మధ్య సందులు, చెవులు అన్నీ దాని కింద పూడిపోతాయి. కొత్త పెట్టెల్లో బొమ్మ మొద్దుగా కనిపించడానికి సగం కారణం ఇదే. కింద అచ్చు బాగానే ఉంటుంది.

ఎందుకిలా అయిందంటే, ఈ రంగు చేత్తో వేసేది. ఒక్కో రంగుకు బొమ్మను మరోసారి చేతిలోకి తీసుకోవాలి, ఆరనివ్వాలి. పది రంగులు నాలుగైతే పని సగానికి పైగా తగ్గుతుంది. అందుకే ప్లాస్టిక్‌నే బట్టల రంగులో పోసి, ముఖానికీ జుట్టుకీ మాత్రం కుంచె తగిలిస్తున్నారు. రెండోది అచ్చుల అరుగుదల. ఉక్కు అచ్చు రెండు సగాలు కలిసే అంచు ఏళ్ల తరబడి వాడగా అరుగుతుంది. ఆ సందులోంచి ప్లాస్టిక్ పల్చటి రెక్కలా బయటికి వస్తుంది. బొమ్మ భుజం నుంచి చెవి మీదుగా తల దాకా పాకే గీత అదే. మూడోది చేతులు. చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని రెండు సగాల అచ్చులో ఒకేసారి పోస్తే చేతికీ పొట్టకీ మధ్య ఖాళీ రాదు, అదంతా ఒకే ముద్ద. మంచి తయారీలో చేతులు, సంచులు, టోపీలు విడిగా పోసి అతికిస్తారు. కొండపల్లి బొమ్మకు చేతులు విడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించేది కూడా ఇందుకే. ఆ అతికే పని తగ్గించుకోగానే, 20 మి.మీ. బొమ్మలో మొదట చచ్చిపోయేది భంగిమ.

ఇక ప్లాస్టిక్. ఇది చాలామంది పట్టించుకోరు కానీ ఆ తర్వాత ఏడిపించేది ఇదే. పాత మంచి బొమ్మలు గట్టి పాలిస్టైరీన్. చౌక బొమ్మల్లో మెత్తటి పీవీసీ ఎక్కువ. తేడా తెలుసుకోవడం సులువు: చెయ్యి కొసను కొంచెం వంచండి. పాలిస్టైరీన్ తెల్లబడి విరుగుతుంది, పీవీసీ వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. పీవీసీని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం మెల్లగా పైకి ఊరుతుంది. దాని మీద ఎనామెల్ రంగు నెలలు గడిచినా జిగటగానే ఉంటుంది, దుమ్మంతా పట్టేస్తుంది. ఇంకో నష్టం ఉంది: పీవీసీ బొమ్మ పాలిస్టైరీన్ బోగీ సీటుకు ఏళ్లపాటు ఆనుకుని ఉంటే, ఆ నూనె సీటును తినేసి గుంట చేస్తుంది. బోగీలో పీవీసీ బొమ్మలే పెట్టాల్సి వస్తే కింద పూర్తిగా ఆరిన యాక్రిలిక్ రంగు (నీళ్లతో కలిపే రకం) పొర ఉండాలి. విడిగా దాచేటప్పుడూ అంతే, రెండు రకాలనీ ఒకే డబ్బాలో పోయకండి.

ఆన్‌లైన్‌లో దొరికే వంద బొమ్మల సంచుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సంచి మీద హెచ్‌ఓ అని ఉంటుంది, లోపల స్కేలు పట్టి కొలిస్తే 17 నుంచి 23 మి.మీ. దాకా ఉంటాయి. అంటే 1:100 వాళ్లూ 1:75 వాళ్లూ ఒకే ప్లాట్‌ఫారం మీద. ఓఓ, అంటే 1:76 వాళ్లకు పెద్దవాటిని ఇచ్చేయొచ్చు. ఉన్న భంగిమలు ఏడో ఎనిమిదో, అవే తిరిగి తిరిగి వస్తాయి. వీటి అసలు చోటు బోగీ కిటికీల వెనక. మోడల్ బోగీల్లో నేల ఎత్తుగా ఉంటుంది కాబట్టి కూర్చున్న బొమ్మలకు కూడా మోకాళ్ల దగ్గర కోత తప్పదు. నిలబడ్డవాటిని నడుము దగ్గరే కోసి సీటుకు అతికించినా కిటికీలోంచి ఎవరూ కనిపెట్టరు.

ఎన్ స్కేలు వాళ్లకు ఈ ఫిర్యాదులు సగమే వర్తిస్తాయి. 1:160లో మనిషి 11 మి.మీ., ముఖం మి.మీ.న్నర కూడా ఉండదు. అక్కడ పెట్టె రంగుతో సరిపెట్టుకోవచ్చు, మెరుపు చంపితే చాలు.

హెచ్‌ఓలో ఇప్పటి రంగుల పెట్టెను దారికి తేవడం ఇలా. ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి మెత్తని టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు కొన్నిటి మీద ఇంకా ఉంటుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. ఆరాక అచ్చుగీతను 11 నంబరు బ్లేడు వీపుతో గీరండి. పదునుతో గీరితే గీత పోయి గాడి పడుతుంది. రంగు పల్చగానే ఉంటే దాన్ని తీయకండి. వార్నిష్ వేసే ముందు గోధుమరంగు నీళ్లు పోనిస్తే చాలు: బర్న్ట్ అంబర్ యాక్రిలిక్ ఒక పాలు, నీళ్లు ఎనిమిది నుంచి పది పాళ్లు, సబ్బునీళ్లు ఒక్క చుక్క. అది మడతల్లోకి, కంటి గుంతల్లోకి, వేళ్ల మధ్యలోకి తనంతట తనే దిగుతుంది. పైన మిగిలింది తడిగా ఉండగానే టిష్యూ కొసతో పీల్చేయాలి, లేకపోతే ఆరాక అంచుల్లో మరక కడుతుంది. ఆ మీదట మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేనిది. ఈ రెండు పనులకు బొమ్మకు ఐదు నిమిషాలు పట్టవు, సగం రోగం ఇక్కడే కుదురుతుంది.

కళ్లు చుక్కలైనా, రంగు కంబళిలా పడినా పెట్టె రంగంతా తీసేయడమే మంచిది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దితే యాక్రిలిక్ రంగు ఎక్కువసార్లు ఊడుతుంది. పాలిస్టైరీన్‌కు దానివల్ల హాని లేదు. గోళ్లరంగు తీసే ఎసిటోన్, హార్డ్‌వేర్ కొట్లో అమ్మే ఎన్‌సీ థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ముఖం నిమిషాల్లో కరిగి ముద్దవుతుంది. ఆరు బొమ్మలుంటే మొదట అందులో నాసిదాన్ని ముంచి చూడండి. కొన్ని ఫ్యాక్టరీ రంగులు ఎంత నానినా కదలవు. అప్పుడు బ్రష్ అరగదీసుకోవడం మానేసి పైనే పల్చగా సరిదిద్దుకోవాలి.

తర్వాత బూడిదరంగు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే అడుగు పూత, 20–25 సెం.మీ. దూరం నుంచి, రెండు పల్చటి తడవలుగా. విశాఖ, కాకినాడ వైపు వర్షాకాలంలో ఇది పెద్ద తలనొప్పి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే స్ప్రే వార్నిష్, ప్రైమర్ రెండూ పాలపొరలా తెల్లబడతాయి. తేమ 70 శాతం దాటిన రోజున స్ప్రే పని ఆపేసి, కుంచెతో వేసే మ్యాట్ వార్నిష్‌కు మారండి. బొమ్మల వరకు కుంచె పూతే చాలు.

రంగులు యాక్రిలిక్‌లో సగానికి సగం నీళ్లు కలిపి రెండుసార్లు వేయాలి, ఒకేసారి మందంగా కాదు. మొదట చర్మం, తర్వాత చొక్కా, ఆ తర్వాత కోటు. లోపలిది ముందు వేస్తే బయటిదాని అంచు దిద్దడం సులువు. అచ్చమైన తెలుపు, అచ్చమైన నలుపు ఎక్కడా వాడొద్దు. ఈ సైజులో అవి కళ్లకు గుచ్చుకుంటాయి. గోధుమఛాయ తెలుపు, ముదురు బూడిద చాలు. పెట్టెల్లో వచ్చే చర్మం రంగు అందరికీ ఒకటే గులాబీ. మన ప్లాట్‌ఫారానికి ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా కలిపి, కొంచెం తెలుపుతో ఎత్తిస్తూ మూడు నాలుగు ఛాయలు చేసుకోండి. గుంపులో ఇద్దరిది ఒకటే ఛాయ అయితే బొమ్మలని ఇట్టే తెలిసిపోతుంది.

అసలు మన స్టేషన్ కట్టేవాళ్లకు రంగుల పెట్టెలు కొనడం దండగ. వాటి నిండా ఓవర్‌కోట్లు, హ్యాట్లు, పొడుగు బూట్లు. 1949లో మొదలైన జర్మనీ కంపెనీ ప్రైజర్ వందకు పైగా బొమ్మలున్న రంగు వేయని పెట్టెలు కూడా అమ్ముతోంది. ఒక్కో బొమ్మకు పడే ఖర్చు రంగువాటిలో చాలా చిన్న వంతు, పైగా అచ్చు ఏ రంగూ కప్పకుండా కనిపిస్తుంది. పొడుగు గౌను వేసుకున్న ఆవిడను తీసుకుని, పల్చటి టిష్యూ కాగితం మూడు మి.మీ. వెడల్పు, 17 మి.మీ. పొడవున కోసి, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, ఎడమ భుజం మీదుగా వెనక్కి వేస్తే పైట అయిపోతుంది. లెక్కకు అది పావు మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు. పంచెకు ఎంసీల్ పుట్టీ రెండు ముక్కలూ సమపాళ్లలో పిసికి, రెండు కాళ్ల మధ్య పల్చగా నింపి, తడి సూదితో కుచ్చిళ్లు గీయాలి. అరగంటలో ముగించకపోతే గట్టిపడుతుంది. కూలీకి ఎర్రచొక్కా, జబ్బ మీద ఇత్తడి బిళ్లకు బంగారురంగు చుక్క, నెత్తిన చుట్టకుదురుకు సన్నని ఎంసీల్ తాడు. చీరలకు ముదురు రంగులు వాడొచ్చు, మన గుంపు అలాగే ఉంటుంది. కాకపోతే ప్రతి రంగులో ఒక చుక్క బూడిద కలపండి.

నిలబెట్టేటప్పుడు కాళ్ల కింది పళ్లెం కోసేసి, ఒక మడమలో 0.4 మి.మీ. బెజ్జం వేసి 0.3 మి.మీ. ఇత్తడి తీగ దించండి. చీలమండ దగ్గర కాలు మందం ఒక మి.మీ. లోపే కాబట్టి డ్రిల్ చేత్తోనే తిప్పాలి. మోటారు డ్రిల్ వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. సూపర్‌గ్లూ ఎక్కువైతే దాని ఆవిరి చుట్టూ తెల్లగా పేరుకుని ముదురు ప్యాంట్లు పాడవుతాయి. సూది మొన మీద నిలిచినంతే చాలు.

పెట్టెలకు గట్టి పోటీ ఇప్పుడు త్రీడీ ప్రింట్ నుంచి వస్తోంది. బ్రిటన్‌లో మోడెలు అనే సంస్థ నిజం మనుషులను వేషాలతో స్కాన్ చేసి బొమ్మలుగా అమ్ముతోంది. భంగిమ, బట్ట మడతలు సహజంగా రావడానికి కారణం అదే. రెసిన్ ప్రింటర్లో 0.03 మి.మీ. పొరలు పెడితే ముఖానికే 80 పొరలు వస్తాయి, ముక్కూ పెదవీ విడివిడిగా తెలుస్తాయి. ఇంటి ప్రింటర్లో తీసుకుంటే ఆల్కహాల్‌లో కడిగాక యూవీ కింద పూర్తిగా గట్టిపడనివ్వాలి. జిగట మిగిలితే ప్రైమర్ పొక్కులు లేస్తుంది. ప్రింటయ్యేటప్పుడు బొమ్మను పట్టి ఉంచే ఆధారపు పుల్లలను వీపు వైపో, అరికాళ్ల కిందో పెట్టించుకోండి, ముఖం వైపు పెడితే వాటి మొటిమలు గీరలేరు. రెసిన్ పెళుసు, చీలమండ దగ్గర చిటుక్కున విరుగుతుంది. అందుకని బెజ్జం వేసే పని రెసిన్ బొమ్మలకు వద్దు. తీగ బదులు సన్నని పుల్ల కాలిలో భాగంగా వచ్చేట్టు మోడల్‌లోనే గీయించుకోవాలి, లేదా పళ్లెం ఉంచేసి దాని చుట్టూ ప్లాట్‌ఫారం పలక మందమంతా పుట్టీ పూయాలి.