పాత ఆఫీసు థింక్‌ప్యాడ్: డబ్బు కట్టింది జూన్‌లో, నాదైంది ఆగస్టులో

ప్రాసెసర్ ఏంటి, స్క్రీన్ ఎంత, ఎన్ని యూఎస్‌బీలు ఉన్నాయి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఈ థింక్‌ప్యాడ్ టీ480 లాప్‌టాప్‌ని మూడేళ్ళుగా వాడుతున్నాను. దీని గురించి నేను మనసారా చెప్పాలనుకుంటున్నది అడ్మినిస్ట్రేటర్ హక్కు సంగతి, అంటే మెషిన్‌లో ఏం వేయాలో, ఏం మార్చాలో నిర్ణయించే హక్కు. అది లేని ఏడు వారాలు ఎలా గడిచాయో ఇప్పటికీ మర్చిపోలేదు.

2023 జూన్‌లో చెన్నైలో ఉద్యోగం మానేశాను. నేను వాడుతున్న లాప్‌టాప్‌నే తక్కువ ధరకు ఇస్తామని కంపెనీ అంది. బిల్లు ఇచ్చారు, దాని మీద సీరియల్ నంబర్ కూడా వేశారు. ఐటీ వాళ్ళు నా ఆఫీసు అకౌంట్ తీసేసి, మామూలు యూజర్ అకౌంట్ ఒకటి పెట్టి చేతికిచ్చారు. అప్పుడు నాకు ఆ తేడా పట్టలేదు. ఒంగోలు వచ్చేసి, చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూసే పనిలో చేరాను.

బ్రౌజర్, ఎక్సెల్, మెయిల్ అన్నీ బాగానే నడిచాయి. జులై 20న జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్, వేయాలి. మా యూనిట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కాబట్టి డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ గుచ్చి, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేయబోతే ‘అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని పెట్టె వచ్చింది. అందులో ఉన్న అకౌంట్ పేరు చెన్నై ఐటీ వాళ్ళది. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. మా ఓనర్ పక్కనే నిలబడి, “ఏందయ్యా, డబ్బులిచ్చి కొన్నదానికి ఇంకా వాళ్ళ పర్మిషనేంది?” అన్నారు. ఆయన తప్పుగా ఏమీ అనలేదు. నా దగ్గర మాత్రం జవాబు లేదు. సాయంత్రం టోకెన్ పట్టుకుని ఒంగోల్లో ఆడిటర్ గారి ఆఫీసుకు వెళ్ళి, వాళ్ళ కంప్యూటర్‌లో గడువులోపు రిటర్న్ వేశాను.

తెలిసిన రిపేర్ షాపు అబ్బాయికి ఫోన్ చేసి ఆ పాస్‌వర్డ్ గొడవ చెప్తే, “అరగంట పని అన్నా, బయోస్‌లో సెక్యూర్ బూట్ తీసేసి పెట్టు, పెన్‌డ్రైవ్ తీసుకొస్తా” అన్నాడు. బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగ్స్, సెక్యూర్ బూట్ అంటే తెలియని సాఫ్ట్‌వేర్‌తో మెషిన్ లేవకుండా అక్కడుండే కాపలా. ఆ రాత్రే దాన్ని తీసేశాను. మళ్ళీ ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం) 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. ఆ కీ ఉన్నది పాత కంపెనీ అకౌంట్‌లో. యూనిట్ స్లాబుల స్టాక్ రిజిస్టర్ నెల రోజులది ఆ డిస్క్‌లోనే ఉంది, ఇంకో కాపీ లేదు. చేతులు వణికాయి. డిస్క్‌కి వేసిన తాళం చెవి మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్‌లో ఉంటుందని, బూట్ సెట్టింగ్స్ మారితే ఆ చిప్ చెవి ఇవ్వదని ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేశాను. తెరుచుకుంది. తెల్లారేదాకా కూర్చుని ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాను. ఆ అబ్బాయిని రావద్దన్నాను.

ఆ తర్వాత సొంతంగా విండోస్ మొదటి నుంచి వేసుకున్నాను. అదృష్టం, బయోస్‌కి పాస్‌వర్డ్ లేదు. పాత పార్టిషన్లన్నీ తుడిచేశాను, అంతా కొత్తది. వైఫై కలిపానో లేదో, పాత కంపెనీ బొమ్మ, స్వాగతం, ‘ఆఫీసు మెయిల్‌తో సైన్ ఇన్ అవ్వండి’! ఆటోపైలట్ అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. మెషిన్ గుర్తులు కంపెనీ పేరు మీద మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉంటాయి. ఇక్కడ డిస్క్ ఎన్నిసార్లు తుడిచినా అక్కడ పేరు చెరగదు. నెట్ లేకుండా దాటించే దారులు ఉన్నాయని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నాకు అది వద్దనిపించింది. బిల్లు నా దగ్గర ఉండగా దొంగదారి ఎందుకు? పైగా పేరు అక్కడే ఉంటే, రేపు మళ్ళీ ఫార్మాట్ చేసినప్పుడు ఇదే గోడ.

కంపెనీకి మెయిల్ పెట్టాను. తొమ్మిది రోజులు జవాబు లేదు. పాత టీమ్‌లో ఒకతను, “బ్రదర్, టికెట్ నేను వేయిస్తా, బిల్లు, రిలీవింగ్ లెటర్ పంపు” అన్నాడు. వారానికి ‘తీసేశాం’ అని కబురొచ్చింది. సంబరంగా మళ్ళీ విండోస్ వేస్తే అదే బొమ్మ! వాళ్ళు తీసింది ఇన్‌ట్యూన్ (కంపెనీలు తమ మెషిన్లను అదుపు చేసే మైక్రోసాఫ్ట్ సర్వీసు) జాబితాలోంచి, ఆటోపైలట్ నమోదు అలాగే ఉంది. ఆ రెండూ వేర్వేరు. సీరియల్ నంబర్ రాసి, ఆటోపైలట్ నుంచి తీయమని విడమర్చి అడిగితే, రెండోసారికి పనయింది.

ఆ సాయంత్రం స్క్రీన్ మీద ‘సొంత వాడకానికా, ఆఫీసుకా?’ అన్న ప్రశ్న చూసి లేచి నిలబడ్డాను. మా ఆవిడ ఏమైందోనని వంటింట్లోంచి వచ్చింది. నా పేరుతో అకౌంట్ పెట్టాను, దాని కింద ‘అడ్మినిస్ట్రేటర్’ అని ఉంది. టోకెన్ డ్రైవర్ వేశాను, ఎర్ర లైటు వెలిగింది. ఆగస్టు 20 రిటర్న్ నా టేబుల్ మీదే వేశాను.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, రోజూ పనికి మామూలు అకౌంట్, ఏదైనా వేయాల్సినప్పుడే అడ్మిన్ పాస్‌వర్డ్. అన్నయ్య కొడుకు గేమ్స్ కోసం కూర్చున్నా, నన్ను అడగకుండా ఏదీ ఎక్కించలేడు. బిట్‌లాకర్ నేనే మళ్ళీ వేశాను, 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోతుందంటే, సెప్టెంబర్‌లోనే ఎవరినీ అడగకుండా 11కి మారాను. ఇందులో ఎనిమిదో తరం ఇంటెల్ కాబట్టి కుదిరింది.

కొన్న కొత్తలో దీని బ్యాటరీలను కనపడిన వాళ్ళందరి దగ్గరా పొగిడాను. లోపల ఒకటి, వెనక ఊడదీసేది ఒకటి. కరెంటు పోయినా ఆపకుండా వెనకది మార్చుకోవచ్చు. ఆ సౌకర్యం గొప్పదే, కానీ ఇప్పుడు లోపలిది నీరసించింది, ఫైల్ సేవ్ చేయకుండా వెనకది తీసే ధైర్యం చేయడం లేదు. చీమకుర్తి రాతిపొడి ఫ్యాన్‌లో చేరుతుంది, మూడు నెలలకోసారి విప్పి దులపాలి. కీబోర్డు మీద మాత్రం ఇప్పటికీ ఒక్క మాట అనను.

కొనమని చెప్తానా అంటే, నా సంగతి వేరు. నాకు బిల్లుంది, లోపల స్నేహితుడున్నాడు, రెండు నెలలు ఆగే వీలుంది. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే షాపులోనే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్ళండి. అక్కడ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే దించేసి వచ్చేయండి, అది పోతే మదర్‌బోర్డు మార్చడమే దారి అని తయారీదారు చెప్తున్నారు. తర్వాత కొత్తగా విండోస్ వేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. ఏ కంపెనీ బొమ్మా రాకపోతే అప్పుడు డబ్బు తీయండి. ఆఫీసు నుంచే తీసుకుంటుంటే, ఐటీ వాళ్ళ ముందే ఇదంతా చేయించుకోండి. ఆఖరి రోజు గేటు దాటాక మన మెయిల్‌కి జవాబు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో నేను చూశాను.